గాయనియు పాత్రయు: 'గ్లిటర్' చలనచిత్రమున మరయా కేరీ అభినయము

గానమునకును అభినయమునకును గల సంబంధము మన లాక్షణికులకు క్రొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రమున అభినయమును విస్తరముగా నిరూపించుటయే కాక, గీతవాద్యములకును ప్రత్యేకముగా అధ్యాయములను కేటాయించెను. తెలుగు రంగస్థలముపై పద్యమును రాగయుక్తముగా పాడగల నటునకు లభించిన గౌరవము సర్వవిదితము. ఇట్టి సంప్రదాయమున పెరిగిన మనకు, మంచి గాయకుడు సహజముగనే మంచి నటుడు కాగలడను భావము కలుగుట వింత కాదు. పాటలో శోకమును పలికించి వేలమందిని కంటతడి పెట్టించిన వ్యక్తి ఆ శోకమునే ముఖమున చూపలేకపోవుట యెట్లు? ఐనను అట్లు జరిగిన సందర్భములు చలనచిత్రచరిత్రలో పెక్కులున్నవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన దానినొకదానిని గ్రహించి, అందలి కారణములను విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఆ చిత్రము 2001లో అమెరికాలో విడుదలయైన 'గ్లిటర్'. తళుకు అని ఆ మాటకు అర్థము. అందు నాయికగా నటించినది సుప్రసిద్ధ పాప్ గాయని మరయా కేరీ. ఈ చిత్రమును పరిహసించుట పాశ్చాత్యపత్రికలకు పరిపాటియైపోయినది. కాని పరిహాసము విమర్శ కాజాలదు. ఒక కళాకారిణి ఎచ్చట, ఏల తప్పినదో తెలిసికొన్నచో ఆమెకు న్యాయము జరుగును. కళాస్వరూపమును గూర్చి మనకును కొంత తెలియవచ్చును.

మొదట గాయనిగా ఆమె స్థానమెట్టిదో చెప్పవలసియున్నది. 1990లో వెలువడిన తొలి గీతసంపుటితోనే ఆమె పేరు దేశమంతట వ్యాపించెను. ఆమె తొలి ఐదు గీతములును వరుసగా 'బిల్‌బోర్డ్' పత్రిక ప్రకటించు జనప్రియగీతముల పట్టికలో ప్రథమస్థానము నందెను. 2000 నాటికి అట్లు ప్రథమస్థానమును పొందిన ఆమె గీతముల సంఖ్య 15. మంద్రస్వరముల నుండి, ఈలవలె వినవచ్చు అత్యుచ్చస్వరముల వరకు అవలీలగా సంచరించు కంఠము, ఒక్క అక్షరముపై పెక్కుస్వరములను జాలువార్చు నేర్పు ఆమె గానమునకు ప్రత్యేకలక్షణములు. తరువాతి తరమువారు పెక్కురు ఆ నేర్పునే ఒరవడిగా గైకొనిరి. 2001 ఏప్రిల్ నెలలో వర్జిన్ రికార్డ్స్ అను సంస్థ ఆమెతో కుదుర్చుకొన్న ఒడంబడిక ఆనాటి సంగీతవ్యాపారమున మిక్కిలి పెద్దవానిలో ఒకటి. అట్టి ఉన్నతదశలో 'గ్లిటర్' వచ్చినది. అంతకుముందు 1999లో 'ది బ్యాచిలర్' అను చిత్రమున ఆమె ఒక చిన్నపాత్రను ధరించియున్నది. కాని నాయికాపాత్ర ఇదియే ప్రథమము.

చిత్రమునకు దర్శకుడు వాండీ కర్టిస్ హాల్. కథ 1980ల నాటి న్యూయార్క్ నగరమున నడచును. నాయిక పేరు బిల్లీ ఫ్రాంక్. ఆమె తల్లి పానశాలలో పాడు గాయని. తల్లి చేతిలో ఆరక మిగిలిన సిగరెట్టు వలన ఇల్లు తగులబడగా, బాలిక తల్లికి దూరమై అనాథల నడుమ పెరుగును. యుక్తవయస్సున ఆమె కంఠమును టిమొథీ వాకర్ అను సంగీతనిర్మాత గ్రహించి, సిల్క్ అను వేరొక గాయని పేర వినియోగించుకొనును. నృత్యశాలలో రికార్డులు మేళవించి వినిపించు డైస్ అను యువకుడు ఆ రహస్యమును పసిగట్టి, బిల్లీని ఆ నిర్మాత నుండి విడిపించి, ఆమెను స్వతంత్రగాయనిగా పైకి తెచ్చును. వారి ప్రేమ, ఆమె కీర్తి, అతని అసూయ, వియోగము క్రమముగా వచ్చును. తుదకు డైస్ ఆ నిర్మాత చేతనే హతుడగును. అదే రాత్రి బిల్లీ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వేదికపై పాడి, పిమ్మట చిరకాలముగా దూరమైన తల్లిని కలిసికొనును.

ఈ కథకును కేరీ జీవితమునకును గల పోలికలు స్పష్టములే. కేరీ తల్లియు గాయనియే. ఒపేరా గానమున శిక్షణ పొందినది. కేరీ తల్లి శ్వేతజాతీయురాలు, తండ్రి నల్లజాతివాడు. చిత్రమున బిల్లీ తల్లి నల్లజాతిది, తండ్రి శ్వేతజాతీయుడు. తారుమారైనను విషయమొక్కటే. మరుగున నుండి కంఠబలముచే పైకివచ్చిన గాయని కథను, అట్లే పైకివచ్చిన గాయని నటించినది. ఈ పోలికయే నిర్మాతలకు ధైర్యమిచ్చినట్లు తోచుచున్నది. మా అభిప్రాయమున చిక్కంతయు ఇచ్చటనే ఆరంభమైనది.

ఫలితమును అంకెలు చెప్పుచున్నవి. సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్ల వ్యయముతో నిర్మితమైన ఆ చిత్రము ప్రపంచమంతటను కలిసి సుమారు 53 లక్షల డాలర్లు మాత్రమే ఆర్జించినది. ఆ సంవత్సరపు హీనచిత్రములకు పరిహాసముగా ఇచ్చు గోల్డెన్ రాస్ప్‌బెరీ పురస్కారములలో, హీననటి అను బిరుదము 2002లో ఆమెకు దక్కినది. చిత్రగీతముల సంపుటి, ఆమె పూర్వసంపుటములతో పోల్చినచో, మిక్కిలి తక్కువగా అమ్ముడుపోయినది. 2002 జనవరిలో వర్జిన్ సంస్థ ఆమెకు 2 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించి ఒడంబడికను రద్దు చేసికొన్నది. పాడుటకు గాక, పాడకుండుటకు ఒక గాయనికి అంత ధనమిచ్చిరని ఆనాడు హాస్యోక్తులు వెలువడినవి.

ఈ వైఫల్యమునకు బాహ్యకారణములను కొందరు చూపుదురు. అవి త్రోసిపుచ్చదగినవి కావు. 2001 జూలైలో కేరీ తీవ్రమైన అలసటచే ఆసుపత్రిలో చేరవలసివచ్చినది. చిత్రము విడుదల వాయిదా పడినది. గీతసంపుటి బజారునకు వచ్చిన దినము 2001 సెప్టెంబరు 11. న్యూయార్క్ నగరముపై ఘోరమైన దాడి జరిగిన దినమదియే. పది దినముల తరువాత, సెప్టెంబరు 21న, చిత్రము విడుదలయైనది. దుఃఖములో మునిగిన దేశమున తళుకు అను పేరుగల వినోదచిత్రమునకు ఆదరము లేకపోవుట సహజమే. కాని ఒక భేదమును గుర్తింపవలెను. ఈ కారణములు ప్రేక్షకులు ఏల రాలేదో చెప్పగలవు. వచ్చిన ప్రేక్షకులు నాయిక అభినయమునందు ఏల తృప్తి చెందలేదో చెప్పజాలవు. చిత్రీకరణము 2000లోనే జరిగినది. దోషము అందున్నచో, అది ఆ దుర్దినమునకు పూర్వమే ఉన్నది.

ఆ దోషమును నిరూపించుటకు మన రసచర్చలోని ఒక దృష్టాంతము మిక్కిలి ఉపకరించును. శ్రీశంకుకుని మతమును అభినవగుప్తుడు అభినవభారతిలో వివరించి ఖండించియున్నాడు. ఖండనము మాటయటుంచి, అతని చిత్రతురగన్యాయము నేటికిని స్మరణీయము. చిత్తరువులోని గుర్రమును చూచి మనము గుర్రమందుము. అది నిజమైన గుర్రమని భ్రమపడము; గుర్రము కాదని త్రోసివేయము; గుర్రమో కాదో అని సంశయింపము; గుర్రమును పోలినదని సరిపుచ్చుకొనము. నటుని చూచి రాముడనుకొనుటయు ఇట్టి విలక్షణప్రతీతియే. అనుకర్తయైన నటునకును అనుకార్యమైన పాత్రకును నడుమ కొంత ఎడముండవలెను. ఆ ఎడమునందే నాట్యము నిలుచును.

'గ్లిటర్'లో ఆ ఎడము లేకపోయినది. చిత్తరువున్నచోట నిజమైన గుర్రమునే తెచ్చి నిలిపినట్లైనది. ప్రేక్షకుడు తెరపై బిల్లీని చూడడు, కేరీనే చూచును. బిల్లీ తొలిసారి పాడగా చుట్టునున్నవారు ఆశ్చర్యపడుదురు; ప్రేక్షకునకు ఆశ్చర్యము కలుగదు. ఆ కంఠమును అతడు పదేండ్లుగా విన్నవాడే. ఆమె కీర్తిని పొందునా, పొందదా అను ఉత్కంఠయు లేదు. పాత్ర ఇంకను సాధింపవలసినదానిని నటి సాధించియే తెరపైకి వచ్చినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చుటకు అవకాశమున్నది. స్వీయజీవితమును పోలిన పాత్రను ధరించి గెలిచిన గాయకులు లేరా? ఉన్నారు. మరుసటి సంవత్సరమే, 2002 నవంబరులో, కర్టిస్ హాన్సన్ దర్శకత్వమున 'ఎయిట్ మైల్' విడుదలయైనది. అందు నాయకుడు ర్యాప్ గాయకుడైన ఎమినెమ్. డెట్రాయిట్ నగరపు పేదవాడలలో పెరిగి, మాటలపోటీలలో గెలువగోరు యువకుని కథ అది. అతని జీవితమునకు మిక్కిలి సమీపము. చిత్రము విమర్శకుల మెప్పును, ధనమును గూడ పొందినది. ఐనచో మేము పైన చెప్పిన ఎడము అనునది ఏమైనది?

'ఎయిట్ మైల్' ఆరంభమును చూచినవారికి సమాధానము దొరకును. నాయకుడు వేదిక నెక్కును. ఎదుటివాడు దూషించి దిగును. ఇతని వంతు వచ్చును. నోట మాట రాదు. సభ ఎగతాళి చేయగా దిగిపోవును. మాటల గారడీలో అసమానుడని లోకమెరిగిన గాయకుడు, తన పాత్ర ద్వారా మొదట చూపినది మాట పెగలకపోవుట. ఆ క్షణముననే గాయకుడు తొలగి పాత్ర పుట్టినది. తుదిపోటీలోను అతడు తన దారిద్ర్యమును, అవమానములను తానే ఎత్తిచెప్పి, ప్రతిపక్షికి అనుటకు మాట మిగులకుండ చేయును. కావున స్వీయజీవితసామ్యము దోషము కాదు. తన ప్రసిద్ధగుణమునకు భంగము కలుగనీయకుండుట దోషము. 'గ్లిటర్'లో బిల్లీ కంఠము ఎన్నడును తప్పదు. ఆమె ఎవరికిని అపకారము చేయదు. కష్టములన్నియు వెలుపలి నుండియే వచ్చును. లోపము లేని పాత్రకు అభినయింపవలసినది ఏమున్నది?

ఈ విషయమును ఇంకను సూక్ష్మముగా చూడవచ్చును. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము చతుర్విధము. వీనిలో సాత్త్వికమునకు మన శాస్త్రము పెద్దపీట వేసినది. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రలయము అని సాత్త్వికభావములు ఎనిమిది. ఇందలి స్వరభేదమును గమనింపుడు. భావోద్వేగముచే గొంతు బొంగురుపోవుట, స్వరము తప్పుట అని అర్థము. గాయని బాల్యము నుండి ఏ ఆపదను తప్పించుకొనుటకు సాధన చేయునో, నటి అవసరమైనప్పుడు దానినే రాబట్టవలెను. ఒకదానికి గుణమైనది వేరొకదానికి అడ్డగోడ యగుచున్నది. గాయకులు నటులైనప్పుడు తరచుగా కనబడు బిగువునకు మూలమిదియేయని మేము తలచుచున్నాము. వారికి భావము తెలియకపోలేదు. భావముచే తాము చెదరుట అలవాటు లేదు.

'గ్లిటర్' తుదిఘట్టమును పరిశీలించినచో ఇది స్పష్టమగును. వేదిక నెక్కబోవుచున్న బిల్లీకి డైస్ మరణవార్త దూరదర్శనిలో తెలియును. కథ యావత్తునకు ఇది పరాకాష్ఠ. ఇచ్చట నటికి కావలసినది కొంత వ్యవధి: వార్త చెవిని పడుట, నమ్మలేకపోవుట, నమ్ముట, కాలు కదలకపోవుట. కాని చిత్రము ఆమెను త్వరగా వేదికపైకి చేర్చును. ఆమె సభవారితో కొన్ని మాటలాడి పాట నెత్తుకొనును. పాట చక్కగనే సాగును, శ్రుతి తప్పదు. శోకమును మోయవలసిన భారము ముఖము నుండి కంఠమునకు బదిలీయైనది. దర్శకుడు నటిని నమ్మక గాయనిని నమ్మినాడు. గాయని ఆ నమ్మకమును నిలుపుకొన్నది. నటికి అవకాశమే రాలేదు. హీననటి అను బిరుదమును పంచిపెట్టవలసివచ్చినచో, అందు సగపాలు కథాసంవిధానమును కూర్చినవారికి చెందును.

పాట గాయనికి చేయు ఉపకారమును గూడ మరువరాదు. పాటలో భావమునకు కాలపరిమితి ముందే ఏర్పడియుండును. ఎచ్చట నిలువవలెనో, ఎచ్చట హెచ్చవలెనో తాళమే చెప్పును. వాద్యములు ముందుగనే ఆ భావమునకు నేలను సిద్ధము చేయును. ఎదుట మారుపలుకు వ్యక్తి ఉండడు. సంభాషణమున ఈ ఊతలేవియు లేవు. ఎదుటివాని మాటను విని, దానిచే మారి, పిదప బదులు పలుకవలెను. అభినయమున సగము వినుటయే. వేలమంది తన్ను వినుచుండగా పాడుట అలవడిన వ్యక్తికి, తాను వినుచున్నట్లు కనబడుట ఎంత క్రొత్తపనియో ఊహింపవచ్చును.

ఈ చిత్రమున మన దేశమునకు సంబంధించిన ఒక చిన్న ముడి కలదు. బిల్లీ కంఠమును తనదిగా చూపుకొను సిల్క్ పాత్రను ధరించినది భారతదేశమున జన్మించిన పద్మాలక్ష్మి. ముఖమొకరిది, కంఠమొకరిది, ఆ కథలో ఇది మోసము. మన చలనచిత్రములలో ఇదే అంగీకృతమైన సంప్రదాయము. నేపథ్యగానమని దానికి గౌరవనామము. తొలినాళ్ల తెలుగు చిత్రములలో అట్లు కాదు. చిత్తూరు నాగయ్య 1946 నాటి 'త్యాగయ్య'లో తానే పాడి తానే నటించెను. భానుమతి 1951 నాటి 'మల్లీశ్వరి'లోను అట్లే చేసెను. వారికి పాట పాత్ర యొక్క వాక్కే గాని, పాత్రకు వెలుపలనున్న ప్రతిష్ఠ కాదు. నేపథ్యగాయకుడైన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము 2012 నాటి 'మిథునం'లో వృద్ధుడైన అప్పదాసు పాత్రను ధరించి ప్రశంస లందుకొనుట ఇచ్చట స్మరింపదగినది. నేపథ్యగాయకుని వృత్తియే పరకాయప్రవేశము వంటిది. ఇతరుల వయస్సును, స్వభావమును, పెదవికదలికను ఎరిగి పాడుటలో ఆయన దశాబ్దములు గడపెను. పాప్ గాయని స్థితి దీనికి విపరీతము. ప్రతిగీతమునందును ఆమె తానుగనే నిలువవలెను; శ్రోతలు కోరునదియు అదే. తన్ను తాను మరుగుపరచుకొను అభ్యాసము ఆమె వృత్తిలో లేదు.

కేరీకి ఆ శక్తియే లేదని ఇంతటితో నిర్ణయింతుమా? ఎనిమిదేండ్లకు దానికి సమాధానము వచ్చినది. 2009లో లీ డేనియల్స్ దర్శకత్వమున 'ప్రెషస్' అను చిత్రము వెలువడినది. సఫైర్ అను రచయిత్రి 1996లో ప్రకటించిన 'పుష్' అను నవల దానికి మూలము. అందు కేరీ ధరించినది వైస్ అను సంక్షేమశాఖ ఉద్యోగిని పాత్ర. పాట లేదు. అలంకరణము లేదు. సామాన్యమైన దుస్తులు, అలసిన ముఖము, కార్యాలయపు బల్ల. ఇదివరకు తెలియనిచో ఆమె కేరీయని కొందరు గుర్తింపలేకపోయిరి. ముఖ్యఘట్టమున నాయిక తల్లి తన ఘోరమైన తప్పిదమును చెప్పుకొనుచుండును. ఆ తల్లిపాత్ర ధరించిన మోనీక్‌కు సహాయనటిగా ఆస్కార్ పురస్కారము లభించినది. ఆ ఘట్టమున కేరీ పని వినుట. అసహ్యమును దాచుకొనుచు, ఉద్యోగధర్మముచే ప్రశ్నలడుగుచు, జాలిపడనొల్లక జాలిపడుచు ఆమె వినును. ఎదుటి నటి ఎగసిపడగలుగుటకు ఈ వినికిడియే ఒడ్డు. ఆ అభినయమునకు కేరీ పామ్ స్ప్రింగ్స్ చలనచిత్రోత్సవమున పురస్కారము నందుకొన్నది.

ఆమె యందు శక్తి 2001లో లేక 2009లో హఠాత్తుగా పుట్టినదనుట కంటె, తన ప్రతిష్ఠను వెలుపల విడిచివచ్చుటకు రెండవచోట ఆమెకు అవకాశము కలిగినదనుట న్యాయము. మొదటిచిత్రము ఆమెను తళుకుతో కప్పినది. రెండవది ఆ తళుకును ఒలిచినది. ఆహార్యము తగ్గినకొలది సాత్త్వికమునకు చోటు దొరకినది.

ఇక పరిహాసమును గూర్చి ఒక మాట. 2005లో వెలువడిన 'ది ఇమాన్సిపేషన్ ఆఫ్ మిమీ' అను సంపుటితో గాయనిగా ఆమె పూర్వవైభవము తిరిగివచ్చినది. 2018లో అభిమానులు న్యాయము కోరుచు ప్రచారము చేసి, 17 ఏండ్ల నాటి 'గ్లిటర్' గీతసంపుటిని అమెరికాలోని ఐట్యూన్స్ విక్రయపట్టికలో అగ్రస్థానమునకు చేర్చిరి. పాటలు అంత హీనములు కావని వారి వాదము. అది సత్యమే కావచ్చును. చిత్రము మాత్రము దాని వలన మెరుగుపడదు. అట్లే చిత్రము చెడినంత మాత్రమున పాటలును, పాడిన వ్యక్తియు ఎగతాళికి పాత్రములు కానక్కరలేదు. ఒక కళలో తప్పినవారిని మరియొక కళలోని వారి యోగ్యత రక్షింపదు. ఆ తప్పు ఆ యోగ్యతను హరింపనును హరింపదు. విమర్శకుడు ఈ రెండు లెక్కలను విడివిడిగా వ్రాసికొనవలెను.

మన నాటకములను, చిత్రములను పరిశీలించువారికిని ఈ ఉదాహరణము ఉపకరింపగలదు. గాయకుడు పాత్రను ధరించినప్పుడు, ఎంత బాగుగ పాడెనని మాత్రమే కాక, ఎంత బాగుగ వినెనని గూడ అడుగవలెను. గొంతు ఎచ్చట పలికినదని మాత్రమే కాక, పాత్ర కొరకు ఎచ్చట వణకుటకు ఒప్పుకొన్నదని చూడవలెను. 'గ్లిటర్'లో ఆ వణకు లేదు. అందుచేతనే అందలి గానము నిలిచినది, గాయని నిలిచినది, బిల్లీ మాత్రము నిలువలేదు.